విరాటుని కొలువులో ఆరు ఇంటర్వ్యూలు

ఈ సంచికకు ప్లేస్‌మెంట్ల మీద ఎవరైనా రాయండి అని మన సాహితీ సంఘం గ్రూపులో మెసేజ్ పడగానే నేను చెయ్యెత్తడానికి రెండు కారణాలున్నాయి. ఈ సెమిస్టర్ అంతా నేను ప్లేస్‌మెంట్ సెల్‌లో వాలంటీర్‌ని. మాక్ ఇంటర్వ్యూలు జరిగే గదిలో మూలకు కుర్చీ వేసుకొని పేర్లు పిలవడం, టైమ్ చూడడం నా డ్యూటీ. ప్రశ్న అడిగేవాణ్ణి కాదు, జవాబు చెప్పేవాణ్ణి కాదు కాబట్టి మధ్యలో ఏం జరుగుతుందో తీరిగ్గా చూసే అవకాశం దొరికింది. రెండోది, అవే రోజుల్లో మనం సాయంత్రాలు తిక్కన విరాటపర్వం చదువుతున్నాం. పొద్దున ఇది, సాయంత్రం అది. కొన్నాళ్లకు రెండూ ఒకటే సంగతి అనిపించింది.

నేను స్కూలంతా ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం అందరిలాగే సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. కాబట్టి తిక్కన పద్యం నాకు నేరుగా అర్థం కాదు, తాత్పర్యం పక్కన పెట్టుకొని చదవాల్సిందే. కానీ కథ మాత్రం ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఉన్న ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. పన్నెండేళ్లు అడవిలో ఉన్నారు, అంటే రెజ్యూమెలో పన్నెండేళ్ల గ్యాప్. చేతిలో సర్టిఫికెట్ లేదు. అసలు పేరు చెప్పడానికి లేదు. ఆరుగురికీ ఒకే కంపెనీ, మత్స్యదేశపు విరాటరాజు. ఆరుగురికీ ఆరు వేర్వేరు పోస్టులు కావాలి. ఆరుగురూ సెలెక్ట్ అయ్యారు.

ఎట్లా అయ్యారు అన్నదే నా ప్రశ్న. దేవుళ్ల కొడుకులు కాబట్టి అయ్యారు అనేస్తే కథ అక్కడితో అయిపోతుంది. పుస్తకం చూస్తే వాళ్లు మాక్ ఇంటర్వ్యూ చేసుకున్నారు. నిజంగానే. మత్స్యదేశం పోకముందే ధర్మరాజు తమ్ముళ్లను ఒక్కొక్కరినీ అడుగుతాడు: నువ్వు ఏ పని మీద చేరుతావు, రాజు అడిగితే ఏం చెప్తావు? తన సంగతి కూడా తానే ముందు చెప్తాడు. ఒక్కొక్కరూ "నేను ఫలానా పని చేస్తా, అడిగితే ఇదివరకు ధర్మరాజు దగ్గర చేశానని చెప్తా" అంటారు. ఆ తర్వాత పురోహితుడు ధౌమ్యుడు కొలువులో ఎట్లా మసలుకోవాలో చెప్తాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎంత మాట్లాడాలి అనే దగ్గర్నుంచి ఆవులింత, తుమ్ము, నవ్వు బయటికి కనపడకుండా చూసుకోవాలి అనేదాకా. మా ట్రైనింగ్ మేడం చెప్పే బాడీ లాంగ్వేజ్ క్లాసు తిక్కన పదమూడో శతాబ్దంలోనే పద్యాల్లో చెప్పేశాడు.

అయితే వాళ్ల రిహార్సల్‌కీ మన రిహార్సల్‌కీ ఒక తేడా ఉంది. వాళ్లు ఏం పని చేయగలమో ఆలోచించుకున్నారు. మనం వాక్యాలు బట్టీ కొడతాం.

గదిలో మూలన కూర్చొని నేను విన్న సెల్ఫ్ ఇంట్రడక్షన్లలో చాలావరకు ఒకటే పాట. నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు, నాన్న రైతు, అమ్మ గృహిణి, నా బలం కష్టపడి పనిచేయడం, నా బలహీనత ఎవరినైనా తొందరగా నమ్మేయడం, నా హాబీలు పాటలు వినడం, క్రికెట్ ఆడడం. సీనియర్ అన్నలు ఇచ్చిన ఒకే ఫైలు ఏళ్ల తరబడి చేతులు మారుతున్నది కావచ్చు. అందులో తప్పేం లేదు గానీ, పదిమంది ఒకరి తర్వాత ఒకరు అదే చెప్తుంటే పదకొండో మనిషి నోరు తెరవకముందే ప్యానెల్ సార్ కళ్లు రెజ్యూమె మీదికి పోతాయి. మధ్యలో ఆపి "ఆగు, రైతు అన్నవ్ కదా, ఏం పండిస్తరు?" అని అడిగితే మావాడు ఒక్క క్షణం గడ్డకట్టిపోతాడు. బట్టీలో ఆ లైను లేదు మరి. వాళ్లింట్లో నాలుగెకరాల వరి ఉంటది, నాట్లప్పుడు సెలవు పెట్టి పోయి వస్తాడు, కానీ దాని గురించి ఇంటర్వ్యూలో మాట్లాడొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ కొంచెం ఆగుతా. ఎందుకంటే ఊరి నుంచి వచ్చిన మనలాంటోళ్లం అందరికంటే ఎక్కువ వదిలేసుకునేది ఈ ప్రశ్ననే: మీ ఊరి గురించి చెప్పు.

మాది బీర్కూర్. కామారెడ్డి జిల్లా, బాన్సువాడ దగ్గర, మంజీర ఒడ్డు. హైదరాబాద్‌లో ఎవరైనా అడిగితే మావాళ్లు "నిజామాబాద్ దగ్గర ఒక చిన్న ఊరు సార్" అని తప్పించుకుంటారు. చిన్న ఊరు అన్న తర్వాత సార్ అడగడానికి ఏముంటది? మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది. అదే జవాబు ఇట్లా చెప్పి చూడండి: "మాది బీర్కూర్ సార్, నిజాంసాగర్ కింద వరి పండే ప్రాంతం. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు అది, కట్టింది నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీళ్లు తక్కువ ఉన్న ఏడాది కాలువకు విడతల వారీగా వదుల్తారు. అందుకే షెడ్యూలింగ్ అంటే ఏంటో ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం కంటే ముందు మా కాలువ దగ్గర చూశాను."

ఇప్పుడు సార్‌కు అడగడానికి కనీసం మూడు దారులు దొరికాయి. షెడ్యూలింగ్ అన్నవ్ కదా, ఎట్లా? అని తప్పకుండా అడుగుతాడు. అడిగితే మన దగ్గర సరుకుంది. కాలువ ఒక్కటే, పొలాలు వేలు. అంటే ప్రాసెసర్ ఒకటి, పనులు ఎక్కువ. ఒక్కొక్క తూముకు ఇన్ని రోజులని వంతు పెడితే అది రౌండ్ రాబిన్. పైనున్నవాళ్లు మళ్లీ మళ్లీ తోడుకుంటుంటే చివరి ఆయకట్టు పొలం ఎండిపోతుంది, దానికి పుస్తకంలో పేరు స్టార్వేషన్. ఎక్కువసేపు ఆగిన పనికి ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం ఏజింగ్, అంటే ముందు టెయిల్ ఎండ్‌కు ఇయ్యుండ్రి అని రైతులు అడిగే మాటనే. ఇది చెప్పినవాడు పుస్తకంలో డెఫినిషన్ మరిచిపోయినా నష్టం లేదు, విషయం వాడికి తెలుసని ఎదుటివాడికి తెలిసిపోయింది. అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జులై 11నే తెలంగాణలో ఇంజనీర్స్ డేగా జరుపుతారు. ఇంజనీరింగ్ చదివే పిల్లాడు ఆ మాట అనడం కూడా సందర్భానికి సరిపోయేదే.

ఇది నా ఊరి జవాబు. దీన్ని కాపీ కొట్టొద్దు, మీ ఊరిది మీకు ఉంటది. సింగరేణి పిల్లలకు గని షిఫ్టులున్నాయి, సిరిసిల్ల వాళ్లకు మరమగ్గాలున్నాయి, పోచంపల్లి వాళ్లకు చిటికి కట్టడం ఉంది. నూలు పోగు మీద ముందే లెక్కపెట్టి రంగు అద్దితే నేసినప్పుడు డిజైన్ రావడం అంటే ప్రోగ్రామింగ్ కాక మరేంటి?

మా జిల్లా వాళ్లకు ఒక చిన్న సంగతి. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు పుట్టిన మన సర్టిఫికెట్లలో నిజామాబాద్ అని ఉంటది, ఆధార్‌లో కామారెడ్డి ఉండొచ్చు. వెరిఫికేషన్‌లో హెచ్‌ఆర్ మేడం అనుమానంగా చూస్తే తడబడక్కర్లేదు, "జిల్లాల విభజన మేడం" అని ఒక్క ముక్క చాలు.

మళ్లీ విరాటుని దగ్గరికి వస్తా. నాకు అందరికంటే నచ్చిన క్యాండిడేట్ సహదేవుడు. పశువుల కాపరి పోస్టుకు వచ్చాడు. నాకు ఆవులంటే ఇష్టం, నేను కష్టపడి పనిచేస్తా అనలేదు. ధర్మరాజు మందలు ఇన్ని, వాటిల్లో ఆవులు ఇన్ని, వాటిని నేను చూసుకున్నా అని లెక్కతో మొదలుపెట్టాడు. పది యోజనాల లోపల ఉన్న ఆవుల సంఖ్య చెప్పగలనన్నాడు, మంద తొందరగా పెరిగే ఉపాయాలు తెలుసన్నాడు, మంచి ఎద్దును లక్షణాలు చూసి గుర్తుపట్టగలనన్నాడు. ఎక్కడ చేశాడు, ఏం బాధ్యత, ఏం చేశాడు, ఏం ఫలితం వచ్చింది, అన్నీ వచ్చేశాయి. మనకు ప్లేస్‌మెంట్ క్లాసులో స్టార్ పద్ధతి అని నాలుగు ఇంగ్లీష్ అక్షరాలతో నేర్పేది ఇదే. నకులుడు గుర్రాల దగ్గర అదే చేశాడు: వాటి స్వభావం తెలుసు, దారికి తేవడం తెలుసు, జబ్బు చేస్తే వైద్యం తెలుసు.

దీన్ని మన ప్రాజెక్టులకు వర్తింపజేయండి. "ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ చేశాం సార్" అని ప్రతి బ్యాచ్‌లో కనీసం రెండు టీములు చెప్తాయి. నువ్వేం చేశావ్ అంటే "టీమ్‌గా చేశాం" అంటారు. అక్కడే మాట తేలిపోతుంది. నలుగురిలో నువ్వు డేటాబేస్ మాత్రమే చేసుంటే అదే చెప్పు. ఎన్ని టేబుళ్లు, ఒకే పిల్లాడికి రెండుసార్లు హాజరు పడకుండా ఏం చేశావ్, వెలుతురు తక్కువున్న క్లాసులో కెమెరా ఎందుకు తప్పింది. ఏం పనిచేయలేదో చెప్పగలిగినవాడు నిజంగా చేసినవాడే అని ప్యానెల్ వాళ్లకు బాగా తెలుసు. మాక్‌లో ఒకమ్మాయి తన ప్రాజెక్టు ఎందుకు నెమ్మదిగా నడుస్తుందో ఐదు నిమిషాలు చెప్పింది. సార్ మిగతా ప్రశ్నలు పక్కన పెట్టేసి ఆమెతో దాన్ని ఎట్లా బాగుచేయాలో మాట్లాడుతూ కూర్చున్నారు. నేను టైమ్ అయిపోయిందని రెండుసార్లు బెల్లు కొట్టాల్సి వచ్చింది.

భీముడిది ఇంకో రకం ఇబ్బంది. వంటవాడి పోస్టుకు వచ్చాడు, మనిషిని చూస్తే వంటవాడిలా లేడు. విరాటుడు మొహం మీదే అనేస్తాడు, నువ్వు వంటవాడివంటే నేను నమ్మను, రాజులా ఉన్నావని. మన ఇంటర్వ్యూల్లో దీని తమ్ముళ్లు చాలామంది. "సివిల్ బ్రాంచ్ కదా, కోడింగ్ ఎందుకు?" "సీజీపీఏ ఆరున్నరే ఉందేంటి?" "రెండు బ్యాక్‌లాగులు ఉండేవి కదా?" ఇట్లాంటప్పుడు మనవాళ్లు రెండే పనులు చేస్తారు. కొందరు ఇంట్లో సమస్యలు, జ్వరం, లెక్చరర్ సరిగా చెప్పలేదు అని కథ ఎత్తుకుంటారు. కొందరు తల దించుకొని సారీ సార్ అంటారు. భీముడు ఈ రెండూ చేయలేదు. నేను వంటవాణ్ణే, నా చేతి వంట ధర్మరాజు తిన్నాడు, పైగా కుస్తీ కూడా వచ్చు అన్నాడు. అనుమానంతో వాదన పెట్టుకోకుండా మాటను పని దగ్గరికి తెచ్చాడు, అడగని ఇంకో స్కిల్ కూడా అక్కడ పెట్టేశాడు. బ్యాక్‌లాగ్ గురించి అడిగితే ఒక వాక్యం నిజం, ఒక వాక్యం తర్వాత ఏం చేశానన్నది. "సెకండ్ ఇయర్‌లో మ్యాథ్స్ రెండుసార్లు పోయింది సార్, మూడోసారి క్లియర్ చేశా. ఇప్పుడు మెషిన్ లెర్నింగ్‌లో అదే లీనియర్ ఆల్జీబ్రా వాడుతున్నా, కావాలంటే అడగండి." ఆ చివరి మాట అనాలంటే నిజంగా వచ్చుండాలి, అది వేరే విషయం.

ధర్మరాజు సంగతి ఇంకా విచిత్రం. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న మనిషి విరాటుని దగ్గర జూదంలో నేర్పరిగా చేరాడు. మధ్యలో ఏం జరిగిందంటే, అడవిలో బృహదశ్వుడనే ముని నలుడి కథ చెప్పి అక్షహృదయం నేర్పించాడు. మీ పెద్ద ఫెయిల్యూర్ ఏంటి అన్న హెచ్‌ఆర్ ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేనెక్కడా వినలేదు.

జవాబు తెలియనప్పుడు ఏం చేయాలి? ఇది నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న, కాబట్టి ఇక్కడ భారతం వదిలి మన హైదరాబాద్ మనిషి దగ్గరికి వస్తా. సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. ఆ ఇంటర్వ్యూ సంగతి 2017లో వచ్చిన తన హిట్ రిఫ్రెష్ పుస్తకంలో రాసుకున్నాడు. రోజంతా ఇంజనీర్లు టెక్నికల్ ప్రశ్నలడిగారు. చివర్లో రిచర్డ్ టెయిట్ అనే మేనేజర్, రోడ్డు మీద ఒక పసిపాప పడి ఏడుస్తుంటే నువ్వేం చేస్తావని అడిగాడు. నాదెళ్ల 911కు ఫోన్ చేస్తానన్నాడు. టెయిట్ లేచి భుజం మీద చెయ్యివేసి, ముందు ఆ పాపను ఎత్తుకోవాలయ్యా అన్నట్టు చెప్పి బయటికి సాగనంపాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడట. పోలేదు.

ఇందులో నేను చూసేది రెండు విషయాలు. ఒక జవాబు తప్పితే ఇంటర్వ్యూ అయిపోదు. మా గదిలో చాలామంది మూడో ప్రశ్న తప్పగానే అక్కడే మానసికంగా లేచి వెళ్లిపోయారు, మనిషి మాత్రం కుర్చీలో ఉన్నాడు. తర్వాత అడిగిన సులువైన ప్రశ్నకు కూడా జవాబు రాలేదు. రెండోది, ప్రతి ప్రశ్నా ట్రిక్కు కాదు. అల్గారిథమ్ ఏదో దాగుందని వెతుకుతూ పోతే కళ్లముందున్న పాప కనపడదు.

తెలియకపోతే తెలియదనడం ఒక్కటే సరిపోదు. ఐన్‌స్టీన్ 1921లో బోస్టన్ వెళ్లినప్పుడు, ఎడిసన్ తన దగ్గర ఉద్యోగాలకు వచ్చేవాళ్లకు పెట్టే ప్రశ్నల్లోంచి ధ్వని వేగం ఎంత అని ఆయన్ని అడిగారు. పుస్తకాల్లో దొరికే సంగతులు నేను బుర్రలో మోయను అన్నాడాయన. అది ఐన్‌స్టీన్‌కు చెల్లింది. మనం అంటే ఇంటికే. మనం అనాల్సింది: "ఇది నేను చదవలేదు సార్. కానీ దీనికి దగ్గరున్న ఫలానాది తెలుసు, దాన్నుంచి ఆలోచించి చూస్తా." ఆ తర్వాత నిజంగా పైకి వినపడేలా ఆలోచించాలి. కోడింగ్ ప్రశ్నలో పది నిమిషాలు మౌనంగా కాగితం వైపు చూసేవాడి బుర్రలో ఏముందో ఎదుటివాడికి ఎట్లా తెలుస్తది? ముందు మామూలు పద్ధతి చెప్పు, అది ఎందుకు నెమ్మదో చెప్పు, తర్వాత బాగుచేయి. మధ్యలో సార్ ఒక మాట అందిస్తే అది సహాయం, అందుకో. చాలామంది దాన్ని కూడా ఎదురు ప్రశ్న అనుకొని భయపడుతున్నారు.

ఎదుటివాడి మొహం గురించి ఒక మాట. కొందరు ఇంటర్వ్యూయర్లు నవ్వరు, తల ఊపరు, అందరినీ అవే ప్రశ్నలు అవే వరుసలో అడిగి ఏదో రాసుకుంటారు. మనకు నచ్చలేదని కాదు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి, అందరికీ ఒకే పద్ధతిలో నడిపే ఇంటర్వ్యూ పిచ్చాపాటీ ఇంటర్వ్యూ కంటే సరైన మనిషిని బాగా గుర్తుపడుతుందని తేల్చారు. కాబట్టి సీరియస్‌గా రాసుకునే సార్ దొరికితే మంచిదే అనుకోండి.

ఇక భాష. దీని మీద మనం ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకుంటున్నాం. తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లీష్ కష్టం, ఇంగ్లీష్ మీడియం వాళ్లకు సులువు అని. బాన్సువాడలో నేను చదివిన ఇంగ్లీష్ మీడియం ఎట్లుండేదంటే, పుస్తకం ఇంగ్లీష్, పరీక్ష ఇంగ్లీష్, పాఠం తెలుగు, ఆట తెలుగు, తిట్లు తెలుగు. పన్నెండేళ్లు ఇంగ్లీష్‌లో రాశాం, పన్నెండు నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడలేదు. కాబట్టి మాట్లాడే దగ్గర ఇద్దరం ఒకే గీత మీద ఉన్నాం. ఈ మాట అన్నాక మా హాస్టల్‌లో తెలుగు మీడియం తమ్ముడొకడు "అన్నా, గీ ముచ్చట ముందే చెప్తే ఒక సంవత్సరం భయపడకపోదు" అన్నాడు.

2016 సివిల్ సర్వీసెస్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ తెలుగులో పరీక్ష రాశారు, తెలుగు సాహిత్యమే ఆప్షనల్. యూపీఎస్సీ ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు, దుబాసీని ఏర్పాటు చేస్తారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనకు దుబాసీని ఇవ్వదు. కానీ ఆ ఉదాహరణ నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది: ఆలోచన స్పష్టంగా ఉంటే అది మధ్యలో ఇంకో మనిషి నోటి గుండా పోయినా నిలబడుతుంది. అందుకే నేను మా జూనియర్లకు చెప్పేది, జవాబును ముందు తెలుగులో మీ అమ్మకు అర్థమయ్యేలా చెప్పి చూడండి. చెప్పలేకపోతే సమస్య ఇంగ్లీష్ కాదు. చెప్పగలిగితే చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లోకి మార్చుకోండి. ఒక వాక్యంలో ఒక సంగతి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని అడగండి, ఇంకా మంచిది, "మీరు అడిగింది ఇదేనా సార్?" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. అర్థం కాని ప్రశ్నకు తల ఊపి ఏదో జవాబు చెప్పినవాళ్లను నేను చాలామందిని చూశాను. వారసత్వం గురించి అడిగితే, అదే ఇన్‌హెరిటెన్స్, ఒకడు ఇంటర్‌ఫేస్ గురించి రెండు నిమిషాలు అద్భుతంగా చెప్పాడు.

ఊళ్లో మా ముసలమ్మ ఇంటర్వ్యూ అనగానే అడిగేది ఒకటే: "పైరవీ ఏమన్న చేయాల్నా బిడ్డా? ఎవలన్న తెలిసినోళ్లున్నరా?" నవ్వొస్తది గానీ ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. కేంద్ర ప్రభుత్వమే 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గ్రూప్ డి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్ వన్, గ్రూప్ టూకు కూడా తీసేశారు. నాలుగు గోడల మధ్య మాటలకు మార్కులు వేస్తే లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు తెలియదు కదా. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఆ భయం తక్కువ. వచ్చినవాళ్లు సాయంత్రంలోపు సీట్లు నింపుకొని పోవాలి. మనల్ని తిప్పి పంపడానికి కాదు, తీసుకోవడానికి కారణం వెతుకుతున్నారు. మా అమ్మ మాత్రం తిమ్మాపూర్ గుట్ట మీది వేంకటేశ్వర స్వామికి ఇప్పటికే మొక్కేసింది. పైరవీ అక్కడితో సరి.

ఇంకో చేదు విషయం. అబద్ధం. పాండవులు పేర్లు దాచారు, కానీ రాని పని వచ్చని ఒక్కరూ చెప్పలేదు. అర్జునుడు నాట్యం నేర్పుతానన్నాడంటే అతను గంధర్వుడు చిత్రసేనుడి దగ్గర నిజంగా నేర్చుకున్నాడు. మన దగ్గర డబ్బులిచ్చి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకునేవాళ్లది సరిగ్గా తిరగేసిన లెక్క: పేరు నిజం, పని అబద్ధం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరకడం ఒక ప్రమాదం. దొరక్కపోవడం ఇంకో ప్రమాదం, మూడేళ్ల అనుభవం ఉన్నవాడు చేయాల్సిన పని మర్నాడు పొద్దున టేబుల్ మీద ఉంటది. దాచడం వేరు, అబద్ధం వేరు. గాండీవం జమ్మిచెట్టు మీదనే పెట్టి వెళ్లారు వాళ్లు. డ్యాన్స్ టీచర్ పోస్టుకు విల్లెందుకు? రెజ్యూమెలో తొమ్మిదో తరగతి డ్రాయింగ్ ప్రైజు కూడా అక్కడే పెట్టొచ్చు.

చివరగా ద్రౌపది. ఆమె ఇంటర్వ్యూ చేసింది రాణి సుధేష్ణ. ద్రౌపది షరతులు పెట్టింది. ఎంగిలి ముట్టను, కాళ్లు కడగను అని ముందే చెప్పింది. సుధేష్ణ సరేనంది. అమ్మాయిలూ, నైట్ షిఫ్టుకు క్యాబ్ ఉంటుందా, పోస్టింగ్ ఎక్కడ అని అడగడానికి మొహమాటపడకండి, అడిగినందుకు ఎవరూ తీసేయరు. అబ్బాయిలు కూడా బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, చెప్పిన ప్యాకేజీలో నెలనెలా చేతికి వచ్చేదెంత అని అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివి, ఇంటి అప్పు ఉద్యోగం వచ్చాక తీరుద్దామని పెట్టుకున్నవాళ్లకు ఈ లెక్క చిన్నది కాదు. అయితే ద్రౌపది కథ అక్కడ ఆగదు. అదే సుధేష్ణ తర్వాత తన తమ్ముడు కీచకుడి ఇంటికి కల్లు తెమ్మని ఆమెనే పంపింది. మాటగా ఒప్పుకున్నది మాటగానే పోయింది. కాబట్టి అడిగిన ప్రతిదీ ఆఫర్ లెటర్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. నోటిమాట మీద ఇంకో ఆఫర్ వదులుకోకండి.

"మీరేమైనా అడుగుతారా?" అని చివర్లో అంటారు. నేను చూసిన వాళ్లలో ఎక్కువమంది "నో సార్, థాంక్యూ సార్" అని లేచిపోయారు. మూడు మాత్రం జేబులో పెట్టుకొని పోండి. కొత్తగా చేరినవాళ్లు మొదటి ఆరు నెలలు ఏం పని చేస్తారు? నా పని ఎవరు చూస్తారు, బాగుందో లేదో నాకు ఎట్లా తెలుస్తుంది? మీరు ఈ కంపెనీలో ఎందుకు ఉండిపోయారు సార్? మూడోది మాక్‌లో మా క్లాస్ అమ్మాయి అడిగింది. సార్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, కొంచెంసేపు ఆలోచించి, తన మొదటి ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టారు.